ఇసుకలో తలల లెక్క

సముద్రపు ఇసుకలో పురుగుల జనాభా తీయాలంటే ముందు అమావాస్యో పౌర్ణమో చూసుకోవాలి. ఆ రోజుల్లోనే నీళ్లు బాగా వెనక్కి పోయి, తీరం దిగువ దాకా బయటపడుతుంది. మన దగ్గర ఈ చదువుకు విశాఖే పెద్ద బడి. వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1962లోనే పరిశోధన పత్రం వేశారు. కంటికి ఆనని వాటికోసం అంత ఓపిక పట్టిన వాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

కంటికి కనిపించే పాలీకీట్ పురుగులకైతే పావు మీటరు చదరపు చట్రం చాలు. లోపలి ఇసుక తవ్వి, అర మిల్లీమీటరు జల్లెడలో సముద్రపు నీళ్లతోనే మెల్లగా కడగాలి. సన్న ఇసుక జారిపోయాక గవ్వ పెంకుల మధ్య ఎర్రగా మెలికలు తిరుగుతూ పురుగు మిగులుతుంది. నీళ్లు జోరుగా పోస్తే తెగిపోతుంది. తెగిన ముక్కల్లో తల ఉన్నదాన్నే లెక్కలో వేయాలి. తోకలు కూడా కలిపితే లేని పురుగులు పుట్టుకొస్తాయి.

ఇవి అంతటా సమంగా ఉండవు, గుంపులు కడతాయి. అందుకే చట్రం ఎక్కడ వేయాలో ముందే చీటీ తీసి తేల్చుకోవాలి. ఏమీ దొరకని చోట సున్నా రాయాలి. చాలా జాతుల పిల్లలు కొన్నాళ్లు నీళ్లలో తేలి, ఎక్కడో దిగుతాయి. ఈ ఏడు నిండిన తీరం వచ్చే ఏడు వెలితి కావచ్చు. కోస్తా హేచరీల్లో తల్లి రొయ్యలకు ఈ పురుగులనూ మేతగా వేస్తారు. ఎన్ని ఉన్నాయో తెలుసుకోకుండా వాటికోసం తీరాన్ని తవ్వుకోవడం తప్పు.

నారాయణపేటలో జంతుశాస్త్రం చెప్పే నాకు సముద్రం దూరమే. అదే చట్రాన్ని పిల్లలతో చెల్కలో వేయిస్తాను. మన ఎర్రలు కూడా ఆ పురుగుల చుట్టాలే, అనెలిడా వర్గానివే. ఇక్కడ ఆటుపోట్ల పని వాన చేస్తుంది. ఎండాకాలం అవి లోతుకు పోయి ముడుచుకుంటాయి, నాలుగు వానలు పడ్డాకే పైకొస్తాయి. జల్లెడ అక్కర్లేదు, పెల్లలు చేత్తో నలిపి ఏరాలి. ఆవపిండి కలిపిన నీళ్లు పోస్తే అడుగున ఉన్నవీ బయటికొస్తాయి.

ఈ వానాకాలం మీ చేనులో జానెడు లోతు తవ్వి చూడండి. ఎరువు వేసిన చోటొకటి, వేయని చోటొకటి. ఒక్క ఎర్ర రాకున్నా తేదీ వేసి సున్నా రాసిపెట్టండి. వచ్చే ఏడు అదే నెలలో మళ్లీ తవ్వండి.