మాంసశబ్దార్థవిచారము: గాంధీమహాత్ముని లండను భోజనాధ్యాయములు

గాంధీమహాత్ముని యాత్మకథ ‘సత్యనా ప్రయోగో’ యను పేర గుజరాతీభాషలో నవజీవనపత్రికయందు 1925 మొదలు 1929 వఱకు వెలువడినది. న్యాయశాస్త్రాభ్యాసమునకై ఆయన 1888 సెప్టెంబరు 4వ తేదీని బొంబాయిలో నోడ యెక్కి, 1891 జూను వఱకు లండనునందు గడపిన దినముల వృత్తాంతము అందలి మొదటి భాగమున నున్నది. బాలుర పాఠముల కీ గ్రంథమునుండి ఘట్టముల నేఱుచు మిత్రు లొకరు, రొట్టెముక్కల లెక్కయు పాలకూర ప్రశంసయు బాలుర కేల యని యా యధ్యాయములను విడిచిపుచ్చిరి. ఈ నిర్ణయము నాకు సమ్మతము కాదు. గ్రంథమంతటను శబ్దార్థవిచారమునకు మిక్కిలి సమీపించిన ఘట్టము లివియే యని నా మతము.

కథ సుప్రసిద్ధమే యైనను క్రమము తెలియుటకై సంగ్రహింతును. పయనమునకు ముందు బేచర్‌జీస్వామి యను జైనసాధువు, తల్లి కోరికపై, మద్యమును మాంసమును స్త్రీసంగమును ముట్టనని యాతనిచే ప్రమాణము చేయించెను. లండనులో బస యింట ప్రొద్దుట ఓట్సు జావతో కడుపు నిండెడిది. మధ్యాహ్నమును రాత్రియు పాలకూర, రొట్టె, పండ్ల మురబ్బా మాత్రమే. రెండు మూడు ముక్కలకు మించి యడుగుటకు సిగ్గు. శాకాహారభోజనశాలలు పట్టణమున గలవని యింటి యజమానురాలు చెప్పగా, దినమునకు పది పండ్రెండు మైళ్లు తిరిగి వెదకుచు, దారిలో చౌకబారు భోజనశాలలయందు రొట్టె తిని, తృప్తి లేక మరలుచుండెను. ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో తాను కోరినది కనబడెను. ద్వారముకడ అద్దముల వెనుక అమ్మకమునకుంచిన పుస్తకములలో హెన్రీ సాల్టు శాకాహారమును సమర్థించుచు వ్రాసిన గ్రంథ మొకటి యుండెను. షిల్లింగొకటి యిచ్చి దానిని కొని, పిమ్మట లోనికి పోయి, ఆంగ్లదేశమునకు వచ్చిన తరువాత మొదటిసారి కడుపార భుజించెను. ఆకొన్నవాడు ముందు పుస్తకమును కొని పిమ్మట విస్తరికడకు పోయినట్లు చెప్పిన యీ క్రమము గమనింపదగినది. అంతవఱకు వ్రతముచే మానిన మాంసమును, ఆ పుస్తకము చదివిన పిమ్మట ఆయన బుద్ధిచే మానెను.

ఈ వర్ణనము మితమైనది, అలంకారము లేదు. ఆత్మకథలో పారిసు మహాప్రదర్శనము 1890లో జరిగినట్లున్నది, జరిగినది 1889లో. సంవత్సరము జాఱినది గాని రొట్టెముక్కల సంఖ్య జాఱలేదు. ఆకలి వ్రాసిన లెక్క యంత సులభముగ చెఱుగదు.

ఇక ప్రధానవిషయము. అచ్చటి శాకాహారులలో మాంసశబ్దమునకు మూడు నిర్వచనములు గలవని యాయన చెప్పెను. పశుపక్షుల కండయే మాంసమని మొదటిది. దీనిచే చేపలును గ్రుడ్లును భక్ష్యములు. సర్వప్రాణుల కండయు మాంసమని రెండవది. దీనిచే చేపలు పోయి గ్రుడ్లు నిలిచినవి. ప్రాణులనుండి పుట్టిన దెల్ల మాంసమే యని మూడవది. దీనిచే పాలును నిషిద్ధములు. గ్రుడ్డు మాంసము కాదను వాదమునకు లోబడి యాయన కొలదికాలము గ్రుడ్లు తినెను. కాని తన తల్లి యుద్దేశించిన మాంసములో గ్రుడ్డును చేరియున్నదని తెలిసినవా డగుటచే వెంటనే మానెను. ఆపైని శాకాహారశాలలయందు సహితము, ఈ తీపివంటకములో గ్రుడ్డు కలదా యని వడ్డించువానిని అడుగవలసివచ్చెను.

మహాభాష్యపు పస్పశాహ్నికము చదివినవారి కిచ్చట నొక విషయము తోచకమానదు. ఊరకోడి యభక్ష్య మనినంతనే అడవికోడి భక్ష్య మని తెలియునని పతంజలి యచ్చట చూపెను. ఆ న్యాయమున, మాంసము కూడదనినంతనే మాంసము కానిది కూడునని తేలును. అనుమానమున దోషము లేదు. దోషమున్నచో మాంస మనగా నేమని మొదట నిర్ణయించుటలోనే యున్నది. ఇందొక చిత్రము గలదు. తల్లి దృష్టిలో గ్రుడ్డు కూడదు, పాలు కూడును. ఈ యర్థము పై మూడింటిలో దేనికిని సరిపోదు! మొదటి రెండును గ్రుడ్డును విడిచినవి. మూడవది పాలను పట్టినది. నిర్వచనకారుల కందని నాల్గవ యర్థ మొక గృహిణి వంటయింట సిద్ధమై యున్నది. శబ్దార్థసంబంధము లోకమువలన తెలియునని భాష్యకారుడు చెప్పిన దిదియే.

దీనినుండి యాత్మకథాకర్త రెండు నియమములు తీసెను: ప్రమాణము చేయించినవా రుద్దేశించిన యర్థమే గ్రాహ్యము, రెండర్థములకు చోటున్నచో దుర్బలపక్షము చెప్పినది గ్రాహ్యము. ఈ రెండింటిని ఆయన యొక్కటిగ కలిపి చెప్పుట నాకు లోపముగ తోచుచున్నది. చేయించినవాడు బలవంతు డైనచో రెండును విరోధించును. ఋణపత్రము వ్రాయించుకొన్న ధనికుని తలచుకొన్న చాలును. లండనులో నివి విరోధింపకుండుటకు కారణము, చేయించిన తల్లియే దూరమున నుండి యేమియు చూడలేని దుర్బల యగుటయే.

ఈ లోపము తరువాతి కథలో బయటపడినది. 1912లో దక్షిణాఫ్రికాయందు ఆయన పాలు మానెను. 1918లో కలిగిన అతిసారముచే ప్రాణసంకట మైనపుడు, మేకపాలకు వ్రతము అడ్డు కాదుగదా యని కస్తూరిబాయి పలుకగా నంగీకరించెను. వ్రతకాలమున మనస్సున నున్నవి ఆవుపాలును గేదెపాలును మాత్రమే. మొదటి నియమముచే మేకపాలు నిర్దోషములు కావలెను. అయినను వ్రతము యొక్క యక్షరము నిలిచి యాత్మ చెడినదని యాయనయే వ్రాసికొనెను. దీనినిబట్టి, తలపునకు వచ్చిన వస్తువు వేఱు, తాత్పర్యము వేఱు. పైగా నిచ్చట వ్రతకర్తయు, అర్థకర్తయు, ఫలభోక్తయు నొక్కడే. లండనులో అర్థనిర్ణయాధికారము తల్లికడ విడువబడినది. కావుననే యచ్చట శబ్దము నిలిచినది. అర్థమువలన లాభము పొందువాడు అర్థమును నిర్ణయింపరాదనుటయే యీ రెండు కథలను కలుపు సూత్రము. గ్రంథకర్త దానిని విప్పి చెప్పలేదు. ఘట్టములను దాపఱికము లేక వ్రాయుటచే మనకు దొరకినది.

శబ్దమును విఱిచి కావలసిన యర్థమును పిండుకొను నేర్పు ఇతరులకంటె మనకే యధికము. ఏండ్లతరబడి పంచనఖోదాహరణమును పాఠము చెప్పియు, అది యొకని యాకలికి సంబంధించిన మాట యని నేను తలచినవాడను కాను. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోవునుగాని, శబ్దము కావలసినవాడు వైయాకరణుని యింటికి పోడని మన భాష్యమే చెప్పుచున్నది. ఫారింగ్డన్ వీధిలో తిరిగిన యా విద్యార్థియు పోలేదు. ఈ యధ్యాయములను పాఠములలో నుంచుడని నా మిత్రునకు విన్నవించుచున్నాను.