మేకు కొట్టే చెయ్యి

చీపురుపల్లిలో ఆదివాసీ చిత్రకళ ప్రదర్శన అంటే రైలెక్కి వెళ్లాం. గుమ్మానికి ఎదురుగా, వెలుతురు బాగా పడే గోడ మీద మూడు పెద్ద కాన్వాసులు ఉన్నాయి. కింద చీటీల మీద 'సవర శైలి' అని, గీసినవారి పేర్లు. ఆ మూడు పేర్లూ ఆహ్వానపత్రంలో ఎంపిక సంఘం సభ్యుల వరసలో ముందే చదివాం. కొండల నుంచి వచ్చిన సవర ఆడవాళ్ల బొమ్మలు మెట్ల పక్కన, టీ బల్ల వెనక ఉన్నాయి. వాటి కింద ఊరి పేరు ఉంది, మనిషి పేరు లేదు.

ఆ కాన్వాసులు బాగోలేదని అనం. ఒకదానిలో నెమళ్ల వరస ముచ్చటగా కుదిరింది. కానీ మేకు కొట్టిన చెయ్యీ, కుంచె పట్టిన చెయ్యీ ఒకటే అయినప్పుడు ఆ బొమ్మ ఆ గోడ మీదికి ఎలా వచ్చిందో అడగాల్సిందే.

ఈ జబ్బు పాతది. లండన్‌లో రాయల్ అకాడమీ 1769 నుంచి ఏటా ప్రదర్శన పెడుతోంది. అకాడమీ సభ్యులు ఆరు పనుల దాకా ఏ వడపోతా లేకుండా పెట్టుకోవచ్చు. బయటివాళ్లు రుసుము కట్టి ఎంపికకి నిలబడాలి. పక్షపాతమే, కాకపోతే రాసిపెట్టిన పక్షపాతం. మన సాహిత్య అకాడమీ ఇంకో దారి పట్టింది: కార్యవర్గంలో ఉన్నవారి పుస్తకం అవార్డుకి పనికిరాదని నియమం. ఇక మన రాష్ట్రంలో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం అకాడమీలనే రద్దు చేసింది. కుర్చీలు పోయాయి గానీ, కుర్చీలో ఎలా కూర్చోవాలన్న మాట తేలలేదు.

సవర ఇంటి గోడ మీద ఈ మాట ఎప్పుడో తేలింది. ఎర్రమన్ను అలికిన గోడ మీద బియ్యప్పిండితో, నమిలిన పుల్లతో బొమ్మ వేస్తారు. కొన్నిచోట్ల ఎజ్జోడే వేస్తాడు. వేశాక మాత్రం బాగుందని తనే అనేసి లేచిపోడు. ఎవరి కోసం వేశారో ఆ పెద్దని, ఆ దేవతని పిలిచి అడగాలి. ఏనుగు మరిచారంటే మళ్లీ పుల్ల పట్టాలి. ఒడిశా వైపు కొండల్లో తిరిగిన వెరియర్ ఎల్విన్ సవరల మీద 1955లో అచ్చయిన పుస్తకంలో ఈ తంతు వివరంగా రాశాడు. రైళ్లూ విమానాలూ కూడా ఆ గోడలెక్కాయని చెప్పాడు. శైలి మారిపోయిందని అప్పుడెవరూ బొమ్మ చెరపలేదు.

ఇప్పుడు ఆ గోడలు చూసి నేర్చుకున్నవారే, గోడ గీసే ఆమె బొమ్మని 'శైలి సరిగా లేదు' అని తీసి పక్కన పెట్టగల చోట కూర్చున్నారు. ఏది సవర బొమ్మో వాళ్లే తేలుస్తారు. తేల్చాక వాళ్ల కాన్వాసే నమూనా అవుతుంది. కొనేవాళ్లు ఆ నమూనానే అడుగుతారు. మా ఆడవాళ్లు తమ బొమ్మకి తామే నకలు గీసి అమ్ముకోవాలి. మామూలు పక్షపాతానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

చిత్రకారుడు కుర్చీ ఎక్కకూడదని మా వాదన కాదు. జగదీశ్ స్వామినాథన్ పేరున్న చిత్రకారుడే. 1982లో తెరిచిన భోపాల్ భారత్ భవన్‌లో కళా సంగ్రహాలయం ఆయన చేతిలో ఉండేది. గోండు యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్ బొమ్మల్ని నగర చిత్రకారుల పక్కనే, అతని పేరుతోనే నిలబెట్టాడు. చీపురుపల్లిలో కనీసం ఆ పేర్లు రాయడానికి ఎంత సిరా ఖర్చయ్యేది?

ఆ మాట అక్కడి నిర్వాహకుల్లో ఒకాయన్ని అడిగాం. 'మరి మీ పుస్తకంలో మీ వ్యాసాలు ఎవరు ఎంపిక చేస్తారు బాబూ?' అన్నారాయన. జవాబు లేదు. ఇన్నేళ్లూ మేమే రాసి, మేమే ఒప్పుకుని, మేమే అచ్చుకి ఇచ్చాం. ఈసారి కూర్పులో ఉన్న మా అందరి రచనలూ పేర్లు తీసేసి బయటివాళ్లు ఇద్దరికి చదవడానికి ఇచ్చాం. రెండు తిరిగొచ్చాయి. అందులో ఒకటి ఈ వ్యాసమే. సగానికి కోసి మళ్లీ రాశాం.