ఎంత దూరం కనిపిస్తుందని అడగకండి

బైనాక్యులర్స్ కొనబోయేవాళ్లు దుకాణంలో మొదట అడిగే మాట, "దీంట్లోంచి ఎంత దూరం కనిపిస్తుంది?" నిజానికి దానికి జవాబు మన వట్టి కళ్లే చెబుతాయి. వెన్నెల లేని రాత్రి, ఊరి దీపాలకు దూరంగా నిలబడితే ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చలా కంటికే ఆనుతుంది. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాబట్టి చుక్కలు చూసేవాళ్లకు దూరంతో పేచీ లేదు. పేచీ అంతా వెలుతురుతో, చేతి వణుకుతో.

బైనాక్యులర్స్ మీద 10×50, 15×70, 20×80 అని రాసి ఉంటుంది. మొదటి అంకె పవర్, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో. రెండోది ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. చీకట్లో పడుచువాళ్ల కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం వెడల్పు దానికి పదింతలు కనుక, అది పట్టే వెలుతురు నూరింతలు. మసక చుక్కలను చూపించే బలం ఈ రెండో అంకెదే.

అలాగని పవర్ దండగ కాదు. పట్టణాల్లో ఆకాశం రాత్రి కూడా తెల్లబారి ఉంటుంది. అదే కటకానికి పవర్ పెంచితే ఆ తెలుపు పలచబడి చుక్కలు తేటపడతాయి, గుంపులు విడివిడిగా కనిపిస్తాయి. దీనికి రెండు మూల్యాలు చెల్లించాలి. ఒకటి, చూపు మేర కుంచించుకుపోతుంది. 10×50లో పక్కపక్కన పదమూడు నిండు చందమామలు పడితే, 20×80లో ఆరేడే పడతాయి. వెతికే చుక్క అంత సులువుగా దొరకదు. రెండోది వణుకు. బొమ్మ ఇరవై రెట్లయితే చేతి వణుకూ ఇరవై రెట్లే. పది పవర్ దాటితే చేత్తో నిలపడం కష్టం. 15×70 కొనేవాళ్లు ట్రైపాడ్‌కు కూడా డబ్బు దాచుకోవాలి. రెండు కిలోలు దాటే 20×80కి పలచని కెమెరా స్టాండ్ ఆగదు, గట్టిది కావాలి.

దుకాణంలో చూడాల్సినవి కొన్ని. వెలుగు వైపు తిప్పి, కంటి అద్దాలను జానెడు దూరం నుంచి చూడండి. అక్కడ కనిపించే వెలుగు బిళ్లలు గుండ్రంగా ఉండాలి. అంచులు చెక్కినట్టు నలుపలకలుగా ఉంటే లోపలి ప్రిజాలు నాసిరకం. ముందు కటకాలు కెంపుల్లా ఎర్రగా మెరుస్తుంటే మోజుపడకండి. ఆ పూత వెలుతురులో కొంత తిప్పికొడుతుంది. పవర్ మార్చుకునే జూమ్ రకాలు ఆకాశానికి పనికిరావు. దూరపు సెల్ టవర్ కొనను చూడండి. అది రెండుగా కనిపించినా, కాసేపటికి కళ్లు లాగినా రెండు గొట్టాల వరస తప్పినట్టే. కళ్లజోడు తీయకుండా చూడాలంటే, కంటికి పదిహేను మిల్లీమీటర్లకు పైగా ఎడమున్నా బొమ్మ మొత్తం కనిపించేవి ఎంచుకోండి.

వాడకానికీ ఒక పద్ధతి ఉంది. ముందు కుడి కటకానికి మూత పెట్టి, ఎడమ కంటితో నడిమి చక్రం తిప్పి చుక్కను సూదిమొనలా చేయాలి. తర్వాత ఎడమవైపు మూసి, కుడి కంటి దగ్గరి రింగు సరిచేయాలి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఈలోగా ఫోన్ తెర చూస్తే ఆ అరగంట వృథా. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి. మసక వస్తువును సూటిగా కాక కాస్త పక్కకు చూస్తే బాగా తెలుస్తుంది. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి, చూపు పోతుంది.

కార్తీకం, మార్గశిరం నెలల్లో మొదలుపెట్టండి. కంటికి ఆరేడు చుక్కలుగా కనిపించే కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి, బైనాక్యులర్స్‌లో డజన్లకొద్దీ నీలి చుక్కలవుతాయి. గురుగ్రహం పక్కన, 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు ఒక వరసలో నిలబడతాయి.

ఈ పనిముట్టుతో చరిత్రకెక్కినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో జార్జ్ ఆల్కాక్ అనే బడిపంతులు 25×105తో 1959 ఆగస్టులో అయిదు రోజుల తేడాతో రెండు తోకచుక్కలు కనిపెట్టారు. జపాన్‌లో యూజీ హ్యాకుటాకే 1996 జనవరి చివర 25×150తో పట్టుకున్న తోకచుక్క, ఆ మార్చిలోనే భూమికి కోటిన్నర కిలోమీటర్ల దూరంలోంచి సాగిపోయింది. పెద్ద అద్దాలు వాళ్లకు సాయపడ్డాయి, నిజమే. కానీ ఆల్కాక్‌కు వేలాది చుక్కల అమరిక కంఠస్థం. అందుకే కొత్తది వస్తే ఆయనకు తెలిసేది.

కొనేముందు ఎవరివైనా అరువు తెచ్చుకుని డాబా ఎక్కండి. కృత్తికలను చేత్తో పట్టుకుని ఒకసారి, పిట్టగోడకు మోచేతులు ఆనించి ఒకసారి లెక్కపెట్టండి. రెండోసారి ఎక్కువ చుక్కలు కనిపిస్తే మీకు ముందు కావలసింది పవర్ కాదు, మంచి ట్రైపాడ్.