పాత ముఖం, కొత్త యంత్రం

కళింగపట్నంలో వంశధార సముద్రాన్ని కలిసే తీరాన, ఇసుకమీదికి లాగి ఉంచిన ఫైబరు పడవలను చూచినవారికి ఆ పదార్థపు గుణం వేరే చెప్పనక్కరలేదు. గాజును జుట్టుకంటె సన్నని పోగులుగా తీసి, ఆ పోగుల చాపను పాలియెస్టరు జిగురుతో తడిపి, అచ్చుమీద పొరలుపొరలుగా పరచి గట్టిపడనిస్తే అది తయారవుతుంది. ఉప్పునీరు దానికి తుప్పు పట్టించలేదు. ఇదే పదార్థాన్ని ఒంటికి తొడుక్కొని, పాతకాలపు మోటారుబండి వేషం వేసే కొత్త కార్లున్నవి. విడిభాగాలుగా కొని, కొన్నవాడే కూర్చుకొనే ఈ బండ్లను కిట్ కార్లంటారు. వేషం సంగతి అటుంచి, వాటి తొడుగూ, డ్రైవరు ముందుండే డాష్‌బోర్డూ ఎంతవరకు నిజం చెబుతున్నవో చూడవలసి ఉన్నది.

ఈ తరగతిలో ఎన్నదగినది 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ రూపొందించిన లోటస్ సెవెన్. విడిభాగాలుగా కొంటే ఆనాటి కొనుగోలు పన్ను తప్పేది. దాని ఒంటిపై అనవసరమైన రేకు లేదు. ఆ రూపం అవసరం నుండి పుట్టినది. తరువాత వచ్చినవాటిలో అన్నింటిని గూర్చి అలా చెప్ప వీలులేదు. ఫోక్స్‌వేగన్ బీటిల్ చట్రంపై 1920ల నాటి బుగాటి రూపమో, 1950ల నాటి ఎం.జి. రూపమో ఎక్కించినవి పెక్కు. బీటిల్ ఇంజను వెనుకవైపున ఉంటుంది. అది గాలితో చల్లబడేది. అయినా ముందు నిగనిగలాడే రేడియేటరు ముఖం! చల్లార్చవలసిన నీరే లేని బండికి రేడియేటరెందుకు? పొడవాటి బానెట్టు ఎత్తి చూస్తే అక్కడ ఇంజనే ఉండదు.

హైదరాబాదులో కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్ల మ్యూజియంలో వంకాయ, బూటు, కెమేరా రూపాలలో నడిచే కార్లున్నవి. వాటిని చూచి నవ్వేవారుంటారు గాని మోసపోయేవారుండరు. వంకాయ కారు తాను వంకాయనని అంటుందేగాని, తాను 1925 నాటిదాన్నని చెప్పదు. విచిత్రమేమంటే, ఆ ఉత్త వేడుక బండ్లే ఈ గంభీరమైన అనుకరణలకంటె నిజాయితీ గలవి.

ఇక తొడుగుకు ఏ పదార్థం మేలు? కళింగపట్నం వంటి చోట సముద్రపు గాలి ఉప్పు తుంపరలను మోసుకొని వస్తుంది. రంగు గీసుకుపోయినచోట ఉక్కుపై ఆ తేమ చేరితే తుప్పు త్వరపడుతుంది. అల్యూమినియం తేలిక, కాని ఉక్కు బోల్టుతో బిగించి ఉప్పుతేమలో ఉంచితే ఆ జంట చిన్న విద్యుద్ఘటంగా మారి, అల్యూమినియం తినివేయబడుతుంది. ఫైబరుకు ఈ రెండు బాధలూ లేవు. ఎండకు పైపూత వెలిసి సుద్దలా రాలుతుంది, అంతే. అయితే దాని కిందనున్న చట్రం ఉక్కే. పైన తళతళ, అడుగున కనబడని తుప్పు!

మరొక చిక్కు ఉన్నది. ఉక్కు కారులో దీపానికీ, కొలతపరికరానికీ బ్యాటరీ నుండి ఒక తీగ చాలు. తిరుగు ప్రవాహం బండి రేకుగుండానే పోతుంది. ఫైబరు విద్యుత్తును పోనివ్వదు. కాబట్టి ప్రతిదానికీ తిరుగు తీగ వేరే వేయవలె. పొదుపు చూచుకొని అన్నింటికీ ఒకే సన్నని తీగ వేస్తే, లేక ఉప్పుగాలికి దాని కొసన పచ్చని చిలుము పడితే, పెద్దదీపాలు వేసినప్పుడు పెట్రోలు ముల్లు స్థానం మార్చుతుంది. ట్యాంకులో పెట్రోలు మాత్రం మారలేదు.

డాష్‌బోర్డు అనే మాట గుర్రపుబండ్ల నాటిది. గిట్టలు చిమ్మే బురదను ఆపే పలక అది. ఇప్పుడా పలకపై ఇత్తడి అంచుల గుండ్రని ముఖాలు అమర్చుతారు. చెక్క పలక తేమకు పొర విప్పుతుంది. మెరుగుపెట్టిన లోహపు పలక మిట్టమధ్యాహ్నం ఎండను కంట్లోకి తిప్పికొడుతుంది. ఇవి ఓర్చుకోదగినవి. ఓర్చుకోరానిది అందంకోసం పెట్టి, దేనికీ కలపని ముల్లు. అంతకంటె ప్రమాదకరమైనది పనిచేస్తూ అబద్ధమాడే ముల్లు.

పాత పద్ధతి వేగమాపకంలో చక్రంతోగాని గేరుపెట్టెతోగాని కలిసి తిరిగే కమ్మి ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ప్రవాహాలు పుట్టి గిన్నెను ఈడుస్తవి; సన్నని స్ప్రింగు అడ్డుకుంటుంది; ముల్లు లేస్తుంది. అనగా అది లెక్కించేది చక్రపు చుట్లనే గాని, దాటిన దూరాన్ని కాదు. పాతకాలపు అందంకోసం 24 అంగుళాల చక్రాలు తీసి 28 అంగుళాలవి వేస్తే, ప్రతి చుట్టుకూ బండి ఆరోవంతు అదనంగా పోతుంది. ముల్లు 60 చూపినప్పుడు అసలు వేగం 70 కిలోమీటర్లు. తొడుగు కోరిన వేషం ముల్లుచేత అబద్ధమాడించినదన్నమాట.

నిర్మాత ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. 2021 నాటి నియమాల ప్రకారం వింటేజి అనిపించుకొనడానికి బండి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండవలె. వేషం ఆ లెక్కలోకి రాదు.

ముల్లును పరీక్షించడానికి యంత్రాలక్కరలేదు. శ్రీకాకుళం నుండి కళింగపట్నం పోయే బాటలో ముల్లును 60 వద్ద నిలకడగా ఉంచి, పక్కన కూర్చున్నవారు గడియారం పట్టుకొని కిలోమీటరు రాళ్లను చూడవచ్చును. రాయికీ రాయికీ నడుమ 60 సెకన్లు పట్టవలె. 51 సెకన్లకే రెండవ రాయి వచ్చినదంటే చక్రం పెద్దదైనది.