పాటకి వారసులెవరు?

"వాళ్ళ రక్తంలోనే సంగీతం ఉందండీ" అని ఎవరైనా ఒక కుటుంబం గురించి మురిసిపోతూ చెప్పినప్పుడల్లా నాకు అదే ప్రశ్న. ఆ రక్తం ఆ ఇంటి ఆడవాళ్ళలోనూ ప్రవహించింది కదా, వాళ్ళ పాటలన్నీ ఏమైనట్టు? తాత, తండ్రి, కొడుకు అంటూ వరస చెప్పుకొస్తారు. కొడుక్కి మొదటి స్వరాలు పలికించిన తల్లి, కచేరీకి ముందు పక్కగదిలోంచి తప్పు దిద్దిన భార్య ఆ వరసలో కనిపించరు.

అన్నపూర్ణాదేవినే తీసుకోండి. అల్లావుద్దీన్ ఖాన్ కూతురు, సుర్‌బహార్ విద్వాంసురాలు. పెద్ద కూతురి సంగీతం అత్తింట్లో తెచ్చిన గొడవలు చూసి, ఈమెకి నేర్పడానికి తండ్రి మొదట వెనకాడాడని చెబుతారు. 1941లో రవిశంకర్‌ని పెళ్ళాడింది. ఆ తర్వాత కొంతకాలానికి వేదిక మానేసింది. హరిప్రసాద్ చౌరాసియా లాంటి వాళ్ళకి గురువై, 2018లో కన్నుమూసేదాకా ఇంటి తలుపులు మూసుకునే బతికింది. దీన్ని "త్యాగం" అని రాసిన వ్యాసాలు ఎన్నో. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక మహా కళాకారిణి వాద్యం జనానికి వినపడకుండా పోతే అది లోకానికి జరిగిన నష్టం. దాన్ని ఆమె సుగుణంగా మార్చి దండ వెయ్యడమెందుకు? యూరప్ కథా వేరేం కాదు. ఫానీ మెండెల్‌సన్ కట్టిన పాటలు కొన్ని తమ్ముడు ఫెలిక్స్ పేరు మీదే అచ్చయ్యాయి.

భానుమతి విషయంలో ఇలా జరగలేదు. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది, పాడింది, నటించింది, 'అత్తగారి కథలు' రాసింది. ప్రతిభ ఉంది కాబట్టి అంటారు. ఉంది. కానీ భర్తతో కలిసి నడిపిన సొంత నిర్మాణ సంస్థ, సొంత స్టూడియో కూడా ఉన్నాయి. వాటి గురించి మాట్లాడకుండా ప్రతిభ ఒక్కదాన్నే పొగిడితే, అవేవీ లేక ఆగిపోయిన వాళ్ళకి ప్రతిభ తక్కువని తీర్పు చెప్పినట్టే.

ఇంకో సంగతి. "కళాకారుల కుటుంబం" అన్న గర్వం కూడా అందరికీ ఒకే రకంగా దక్కదు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ చిన్నప్పుడే ఆటలోకి వచ్చి, 2005లో పోయేదాకా చిందు భాగవతానికి పెద్ద పేరుగా నిలిచింది. అక్కడ ఆడవాళ్ళు తెరచాటున లేరు, కుటుంబమంతా గజ్జెకట్టేది. కానీ మధ్యతరగతి ఇంట్లో "సంప్రదాయం" అనిపించుకునేది చిందు వాళ్ళకి కులం అప్పగించిన పని, పొట్టకూటి ఆట. ఒకే వారసత్వానికి ఒకచోట సన్మానం, మరోచోట చిన్నచూపు.

ఇదంతా మొన్న చలికాలంలో మొయినాబాద్ దాటాక, చేవెళ్ళ వెళ్ళే దారిలో ఒక స్నేహితురాలి తోటలో కూచున్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. ఆ రోడ్డు పొడుగునా మర్రిచెట్లు మీరు చూసే ఉంటారు. పిల్లలు, మొగుళ్ళు, అత్తలు, అమ్మలు, అందరం ఒక బస్సు మాట్లాడుకుని వెళ్ళాం. వంట మా నెత్తిన లేదు. ఊళ్ళోని మహిళా సంఘం వాళ్ళకి అప్పగించాం. (మా తీరిక వాళ్ళ చాకిరీ మీద నిలబడిందన్నది నిజమే, డబ్బు ఇచ్చినంత మాత్రాన ఆ లెక్క తీరదు.)

స్నేహితురాలి అన్నయ్యకి గాయకుడిగా కాస్త పేరుంది. ఆయన పాడుతూ రెండో చరణం మర్చిపోయాడు. వెనక చాపమీంచి వాళ్ళమ్మ, డెబ్భై దాటిన మనిషి, ఎవరూ అడక్కుండానే అందించింది. ఒక్క చరణమే అనుకున్నాం. ఆవిడ ఆపలేదు! తొడమీద తాళం వేసుకుంటూ పాటంతా పాడేసింది. కోడళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి ఆ గొంతు అలా వినలేదట వాళ్ళు. దేవుడి గదిలో సణుగుడుగా తప్ప.

రొట్టెలు కాలుస్తున్న ఒకామె కూడా పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి నిలబడింది. మేం అడిగితే బతుకమ్మ పాట ఎత్తుకుంది. మేమంతా మహా శ్రద్ధగా విని చప్పట్లు కొట్టాం. ఆమె ఆగిపోయి, "సప్పట్లు కొడ్తున్రు గని, అందుకోరేందమ్మా? ఒక్కదాన్నే పాడ్తే అది బతుకమ్మెట్లయితది?" అంది.

ఎంత విమర్శ ఆ ఒక్క మాటలో! వేదిక, శ్రోత, కళాకారిణి అన్న విభజనంతా మేమే వెంట మోసుకెళ్ళాం. కలిసి వినడం గొప్ప ఆనందమని నేనూ నమ్ముతాను. పక్కమనిషి ఊపిరి బిగబట్టడం తెలుస్తుంది, అది రికార్డులో దొరకదు. కానీ ఆమెకి కలిసి వినడం సరిపోదు, కలిసి పాడాలి. వయొలిన్ నేర్చుకుంటున్న మనవరాలు ముందుగా లేచి ఆమె శ్రుతి వెతుక్కుంది. తర్వాత మేమందరం వంకర గొంతులతో అందుకున్నాం. రొట్టెలు కొన్ని మాడాయి.

మర్నాడు ఆ వీడియో అందరి ఫోన్లకీ వచ్చింది. కింద అన్నయ్య పేరు, పక్కన "తదితరులు" అని ఉంది. మనవరాలికి ఒళ్ళు మండి తీసేయించింది. నానమ్మ పేరు రాయబోతే, అందరూ పిలిచే "పెద్దమ్మ" తప్ప అసలు పేరు సగంమందికి తెలీదు. రొట్టెలామె పేరు అసలెవరికీ తెలీదు. రెండు ఫోన్లు చేస్తే ఇద్దరి పేర్లూ తెలిశాయి.