మాట చిక్కేదాకా

‘‘చప్పుడు వస్తోందమ్మా, మాటే తెలియట్లేదు.’’ చెవి మిషన్ పెట్టుకున్న పెద్దాయన ఇలా అన్నాకే ఆడియాలజిస్టు అసలు పని మొదలవుతుంది. మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకు ఈ విషయంలో అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం.

చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. కంప్యూటర్ చెప్పిన లెక్క ఒకటి, ఆ చెవిలో పడేది ఇంకొకటి. తర్వాత నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ‘సంచి’ అంటారు. ఆయన ‘కంచి’ అంటాడు. అచ్చులు బలంగా చేరాయి, సకారం జారిపోయింది. దాని ఉనికంతా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కలా, ఆ పైనా.

సరే, అక్కడ పెంచితే? గిన్నెల చప్పుడు గుచ్చుకుంటుంది, మిషన్ ఈల వేస్తుంది. లోపం 65 డెసిబెల్స్ దాటిన చెవిలో, వినబడడానికీ భరించలేకపోవడానికీ మధ్య జాగా బాగా తక్కువ. మెల్లని శబ్దాన్ని ఎక్కువగా, గట్టిదాన్ని కొద్దిగా పెంచే కంప్రెషన్ ఉంది గానీ, అది మరీ చురుగ్గా పనిచేస్తే మాటలోని హెచ్చుతగ్గులే చెరిగిపోతాయి. లోపలి కణాలు పూర్తిగా దెబ్బతిన్న చోట పెంచకుండా వదిలేయడమూ నేర్పే. మిషన్ ఖరీదు కన్నా ఈ ఓపికకే నేను ఎక్కువ వెల కడతాను.

మేడ్చల్ హైవే మీద లారీల రొదలో మాట చిక్కుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. ఎదురుగా నిలబడి, అరవకుండా, నిదానంగా మాట్లాడమని ఇంటివాళ్లకు చెబుతారు. మళ్లీ వచ్చేటప్పుడు మనవరాలినీ తీసుకురమ్మంటారు, ఆ పిల్ల గొంతుకు సర్ది చూడాలని.