వేళ్లు తెగినందుకే వచ్చిన సంగీతమా?

పోయిన ఏడు మా తరగతిలో ఒక సార్ ఒక కథ చెప్పారు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ అనే ఊళ్లో టోనీ అయోమీ అని ఒక కుర్రవాడు ఉండేవాడు. ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పని. 17 ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగం మానేసే ఆఖరి రోజున, యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అయినా ఆయన గిటార్ వదల్లేదు. తర్వాత 'బ్లాక్ సబ్బాత్' అనే బృందం పెట్టి హెవీ మెటల్ అనే సంగీతానికే ఆద్యుడయ్యాడు. "చూశారా పిల్లలూ, కష్టం కూడా మన మంచికే వస్తుంది" అని సార్ ముగించారు. మేమందరం చప్పట్లు కొట్టాం.

ఇంటికి వచ్చి ఈ కథ మా కాకకు చెప్పిన. మా కాక షోలాపూర్‌లో పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు నేస్తడు. నాలుగేళ్ల కింద ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు కూడా సాంచెలో పోయినయ్. అంతకుముందు మా గల్లీ భజన మండలిలో హార్మోనియం వాయించేది ఆయనే. ఇప్పుడు ఆ పెట్టె మా ఇంట్లో బీరువా మీద బట్ట కప్పుకొని ఉంది. కథంతా విని కాక ఒకటే అడిగిండు: "మంచిదే బిడ్డా. మరి చెయ్యి మానేదాక ఆయన ఇంట్ల బియ్యం ఎవరు తెచ్చిండ్రు?"

నాకు జవాబు తెలియలేదు. అందుకే ఆయన గురించి చదివిన, ఆ పాటలు విన్న. మొదట చెవులు పట్టుకున్న మాట నిజమే. మా అన్న ఫోన్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చాలాసార్లు విన్న తర్వాత నాకు తోచింది ఇది: సార్ చెప్పిన కథ అబద్ధం కాదు, కానీ సగం కథ. మిగిలిన సగం ఆ పాటల్లోనే వినబడుతుంది.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. హెవీ మెటల్ అంటే ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని బాగా పెంచి, గరుకుగా చేసి, దానికి బరువైన డ్రమ్ములు, బేస్ గిటార్ కలిపి వాయించే సంగీతం. ఇందులో 'రిఫ్' ముఖ్యం. రిఫ్ అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస. మన భజనలో పల్లవి లాగా పాట అంతా దాని చుట్టే తిరుగుతుంది. అయోమీ గొప్పతనం ఈ రిఫ్‌లు కట్టడంలో ఉంది.

ఇక ప్రమాదం సంగతి. అయోమీది ఎడమచేతి వాటం. అందుకని తీగల్ని నొక్కేది కుడిచేత్తో. దెబ్బ తగిలింది సరిగ్గా ఆ చేతికే. అది 1965లో. అయితే అప్పటికే ఆయన ఖాళీ చెవులతో లేడు. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది, ఇంట్లో అకార్డియన్ వాయించేవాళ్లు. తనకు డ్రమ్ములు కావాలని ఉన్నా చప్పుడు ఎక్కువని ముందు అకార్డియనే చేతికి వచ్చింది. తర్వాత 'షాడోస్' అనే బృందం, అందులో హ్యాంక్ మార్విన్ గిటార్ విని గిటార్ పట్టుకున్నాడు. షాడోస్ పాటల్లో చాలావాటికి గొంతే లేదు. గిటారే పాట పాడుతుంది. గాయకుడు ఆగినా గిటార్ కథ చెప్పగలదని అయోమీకి అక్కడే తెలిసి ఉంటుందని నాకు అనిపించింది. బ్లాక్ సబ్బాత్ పాటల్లో గాయకుడు లేని భాగాలు ఎంత పొడుగ్గా ఉంటాయో చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

రెండో ప్రభావం జాంగో రైన్‌హార్ట్. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. వేళ్లు పోయి ఇంట్లో కూర్చున్న అయోమీ దగ్గరికి ఫ్యాక్టరీలో పై అధికారి ఒకాయన ఒక రికార్డు పట్టుకొచ్చి వినమన్నాడు. ఇక గిటార్ గురించి మాట్లాడొద్దన్నంత బాధలో ఉన్నాడు అయోమీ. విన్నాక ఆయన అసలు సంగతి చెప్పాడు: ఈ వాయించేవాడికి ఎడమచేతిలో రెండు వేళ్లు పనిచేయవు. జాంగో సంచార రోమా కుటుంబంలో పుట్టిన జాజ్ గిటారిస్టు. 1928లో ఆయన ఉండే బండికి నిప్పంటుకొని చెయ్యి కాలింది. 1934లో పారిస్‌లో వయొలిన్ వాయించే స్టెఫాన్ గ్రపెల్లితో కలిసి కొత్త బృందం పెట్టి పేరు తెచ్చుకున్నాడు.

ఆ రికార్డు విన్నాకే అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి, ఉండ చేసి, వేలికి సరిపోయేలా అరగదీసి, దానిమీద తోలుముక్క అతికించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని బాంజో అనే వాయిద్యానికి వాడే సన్నని తీగలు తెచ్చి గిటార్‌కు బిగించాడు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "తొడుగుల వల్లే శబ్దం బరువెక్కింది, తీగలు వదులు చేయడం వల్లే హెవీ మెటల్ పుట్టింది" అంటారు. నేను దీనితో పూర్తిగా ఒప్పుకోను. తీగలు వదులు చేసి శ్రుతి బాగా దించింది 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' అనే మూడో ఆల్బమ్‌లో. నిజమే, వదులు తీగలు వేళ్లకు సులువు, శబ్దం కూడా లోతుగా వచ్చింది. కానీ 1970 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో గిటార్ మామూలు శ్రుతిలోనే ఉంది. అయినా దాని మొదటి పాట వింటే ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంటుంది. మరి ఆ బరువు ఎక్కణ్నించి వచ్చింది?

ఆ పాట పేరు కూడా 'బ్లాక్ సబ్బాత్'. ముందు వాన చప్పుడు, దూరంగా గంట. తర్వాత మూడు స్వరాల రిఫ్. కాక నేర్పిన సరిగమలతో లెక్క కడితే అది: స, పై స, తర్వాత తీవ్ర మధ్యమం. అంతే. స నుంచి తీవ్ర మధ్యమానికి పోతే చెవి అక్కడ నిలవలేదు. పంచమానికి పోవాలని గుంజుతుంది. కానీ అయోమీ పోనియ్యడు. అక్కడే గిటార్‌ను వణికించి ఆపేస్తాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి రెండో కాలు గాల్లోనే ఉంచినట్టు ఉంటుంది. భయం పుట్టేది చప్పుడుతో కాదు, ఆ పూర్తి కాని స్వరంతో, మధ్యలో వదిలిన ఖాళీతో.

ఈ ఆలోచన కూడా ఒక్క అయోమీది కాదు. బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్‌కు గుస్తావ్ హోల్స్ట్ అనే ఇంగ్లీష్ స్వరకర్త రాసిన 'ప్లానెట్స్'లో అంగారకుడి భాగం చాలా ఇష్టం. దాన్ని ఆయన వాయిస్తుంటే విన్నాక అయోమీ ఈ రిఫ్ కట్టాడు. అంటే వాద్యబృందం కోసం రాసిన శాస్త్రీయ సంగీతం నలుగురు కుర్రాళ్ల సాధన గది గుండా హెవీ మెటల్‌లోకి వచ్చింది. దీనికీ తెగిన వేళ్లకూ సంబంధం లేదు.

ఇంకొక మాట కూడా అందరూ అంటారు. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల చప్పుడే ఈ సంగీతం అయ్యిందని. మా ఊళ్లో పొద్దున్నించి రాత్రిదాకా సాంచెల చప్పుడే. చప్పుడు వింటేనే సంగీతం పుడితే షోలాపూర్ తూర్పు భాగంలో ఇంటికో బృందం ఉండాలి! బిల్ వార్డ్ డ్రమ్ములు శ్రద్ధగా వినండి. సాంచె లాగా ఒకే తీరున ఠక్ ఠక్ అని కొట్టడు. ఊగుతాడు, వెనక్కి లాగుతాడు, మధ్యలో తప్పించుకుంటాడు. ఆయన జీన్ క్రూపా లాంటి జాజ్ డ్రమ్మర్లను విని నేర్చుకున్నవాడు. యంత్రం ఎప్పుడూ అలా ఊగదు.

ఇక బృందం పెట్టిన కథ. 1968లో అయోమీ, వార్డ్ ఇద్దరూ ఉన్న 'మైథాలజీ' అనే బృందం విడిపోయింది. కొత్తగా మొదలుపెడదామని గాయకుడి కోసం వెతుకుతుంటే ఒక మ్యూజిక్ షాపులో ప్రకటన కనబడింది. ఓజీ అనే గాయకుడికి బృందం కావాలి, మైకు సామాను అతని దగ్గరే ఉంది అని. అయోమీకి బళ్లో ఒక ఓజీ తెలుసు. వాడు పాడతాడని ఆయనకు నమ్మకం లేదు. వెళ్లి చూస్తే వాడే! ఓజీ ఆస్బోర్న్ అంతకుముందు కబేళాలో పనిచేశాడు. గీజర్ లెక్కల ఆఫీసులో ఉద్యోగి, అప్పటిదాకా బేస్ కాదు, మామూలు గిటార్ వాయించేవాడు. కొత్త బృందం కోసమే బేస్‌కు మారాడు. ఇలా నలుగురూ తలా కొంచెం సర్దుకున్నాకే బృందం నిలబడింది.

అదే ఏడు డిసెంబర్‌లో అయోమీ కొన్నాళ్లు 'జెత్రో టల్' అనే బృందంలోకి వెళ్లాడు. వీళ్లకంటే వాళ్లకు ఎక్కువ పేరు. కానీ అక్కడ నిర్ణయాలన్నీ ఒక్కరివే. అయోమీ తిరిగి తన వాళ్ల దగ్గరికే వచ్చాడు. ఉత్త చేతుల్తో రాలేదు. వాళ్లు ఎంత కష్టపడి సాధన చేస్తారో చూసి, ఆ పద్ధతి నేర్చుకొని వచ్చాడు. ఇక్కడివాళ్లను కూడా పొద్దున్నే లేపి సాధనకు కూర్చోబెట్టాడు. నా దృష్టిలో ఇది కూడా సంగీత ప్రభావమే. స్వరాలే కాదు, క్రమశిక్షణ కూడా ఇంకొకరి దగ్గర నేర్చుకోవచ్చు. ఆ సాధన ఫలితం ఏమిటంటే, 1969 అక్టోబర్‌లో మొదటి ఆల్బమ్ మొత్తం ఒక్క రోజులోనే రికార్డు చేసేశారు.

ఆ ఆల్బమ్‌లో లోపాలు లేవా? ఉన్నాయి. ఇంగ్లండ్‌లో వచ్చిన ప్రతిలో రెండు పాటలు వేరేవాళ్లవి: 'ఈవిల్ వుమన్', 'వార్నింగ్'. మొదటిది వీళ్ల ఒంటికి సరిపోని చొక్కా లాగుంది. రెండోది పది నిమిషాలు దాటుతుంది. మధ్యలో గిటార్ ఎటు పోతోందో తెలియక విసుగొస్తుంది. ఇతరుల పాటల్ని అట్లాగే తీసుకున్న చోట అయోమీ బలహీనంగా ఉన్నాడు. విన్నదాన్ని నమిలి, అరిగించుకొని, మూడు స్వరాలకు కుదించుకున్న చోట బలంగా ఉన్నాడు. ప్రభావానికీ కాపీకీ తేడా నాకు ఈ ఒక్క ఆల్బమ్‌లోనే అర్థమైంది.

ఆయన్ని ఉత్త చప్పుడు మనిషి అనుకునేవాళ్లు అదే 1970లో వచ్చిన రెండో ఆల్బమ్ 'పారనాయిడ్'లో 'ప్లానెట్ కారవాన్' వినాలి. మా అమ్మ కూడా వంట చేస్తూ విని "ఇది బాగానే ఉంది కదరా" అంది. అందులో గిటార్ మెల్లగా, జాజ్ తీరులో నడుస్తుంది. పై అధికారి తెచ్చిన ఆ జాంగో రికార్డు అయోమీ చెవుల్లోంచి పోలేదని అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు కాక అడిగిన ప్రశ్నకు వస్తాను. ప్రమాదం జరిగినప్పుడు అయోమీకి పెళ్లి కాలేదు, అమ్మానాన్నల ఇంట్లో ఉన్నాడు. చెయ్యి మానేదాకా ఆగగలిగాడు. ఒక మనిషి రికార్డు పట్టుకొచ్చాడు. ముగ్గురు స్నేహితులు కలిశారు. వీటిలో ఏది లేకపోయినా ఆయన కూడా రెండు వేళ్లు పోయిన ఒక కార్మికుడిగానే మిగిలేవాడేమో. మా కాకకు ఇద్దరు పిల్లలు. కట్టు విప్పిన మూడో రోజే సాంచె దగ్గర నిలబడ్డడు. ఆయన దగ్గరికి ఏ రికార్డూ ఎవరూ తేలేదు. నేను కూడా తేలేదు. అందుకే "కష్టం మన మంచికే" అనే మాట నాకు ఇప్పుడు నచ్చదు. అయోమీ పట్టుదలను నేను తక్కువ చేయడం లేదు. ఆ తొడుగులు ఆయనే చేసుకున్నాడు, ఆ నొప్పి ఆయనే పడ్డాడు. కానీ మెచ్చుకోవాల్సింది ఆ మనిషిని, ఆ రికార్డును, ఆ స్నేహాన్ని. వేళ్లు తెంచిన యంత్రాన్ని కాదు.

దసరా సెలవుల్లో నేను బీరువా మీది హార్మోనియం దించి బట్ట తీసిన. ఫోన్‌లో ముందు జాంగో పాట పెట్టిన, తర్వాత అయోమీది. కాక ఏమీ అనలేదు. కొంచెం సేపటికి మిగిలిన వేళ్లతో స, పై స, తీవ్ర మ వాయించి చూసిండు. "ఇది భజనకు పనికి రాదు" అన్నడు. మళ్లీ ఇంకోసారి వాయించిండు. పెట్టెను ఇంకా బీరువా మీదికి ఎక్కించలేదు.